చక్రానికి ఒక కనబడని చొక్కా

కొత్తవలస వైపునుంచి విశాఖపట్నం వచ్చే రైలుమార్గం గోపాలపట్నాన్ని ఆనుకునే సాగుతుంది. ఆ దారిన పోయే గూడ్సు బండిలో ఏ సరుకు ఉందో చెప్పడం అక్కడి పిల్లలకు ఒక ఆట. ఇనుప ఖనిజమైతే ఎర్రటి దుమ్మే పట్టిస్తుంది. గట్టిగా మూసి ఉన్న ట్యాంకు వ్యాగన్ల సంగతి చెప్పడం మాత్రం కష్టం. వాటిలో కొన్నింటిలో మెత్తని తెల్లటి పొడి ఉంటుంది. ఒడిశాలోని దామన్‌జోడిలో నాల్కో సంస్థ బాక్సైటు నుంచి తీసి, ఎగుమతికోసం విశాఖ రేవుకు పంపే అల్యూమినా అది. రసాయనశాస్త్రంలో దాని పేరు అల్యూమినియం ఆక్సైడ్.

ఈ పొడికీ, మీ వీధిలో ఏ ఇంటిముందో ముసుగు కప్పుకొని నిలబడిన పాత కారు చక్రానికీ దగ్గరి చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

అంబాసిడర్, పద్మిని వంటి కార్లు ఉక్కు రేకు చక్రాలతో తయారయ్యేవి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు పాత కార్లమీద మక్కువ ఉన్నవాళ్లు కొందరు వాటికి ‘అల్లాయ్’ చక్రాలు బిగించుకుంటున్నారు. అల్లాయ్ అంటే మిశ్రలోహం. ఆ మాటకొస్తే ఉక్కు కూడా మిశ్రలోహమే! అయినా కారు చక్రాల విషయంలో ఆ మాట అల్యూమినియానికే స్థిరపడిపోయింది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1924లోనే ఫ్రాన్సులో బుగాటి టైప్ 35 అనే పందెపు కారుకు అల్యూమినియం పోతపోసిన చక్రాలు వాడారు.

సాధారణంగా ఈ చక్రాల లోహంలో నూటికి ఏడు పాళ్లు సిలికాన్, చిటికెడు మెగ్నీషియం ఉంటాయి. సిలికాన్ కలిస్తే కరిగిన లోహం బాగా పారి అచ్చు మూలమూలకూ చేరుతుంది. మెగ్నీషియం వల్ల వచ్చే బలం గురించి తరువాత చెప్పుకుందాం.

అల్యూమినియం ఇనుముకన్నా చురుకైన లోహం. మరి ఇనుముకన్నా ముందు అదే తుప్పు పట్టిపోవాలి కదా! ఎందుకు పట్టదు? గాలి తగలగానే దాని ఉపరితలం ఆక్సిజన్‌తో కలిసి అల్యూమినియం ఆక్సైడ్ పొరగా మారుతుంది. గూడ్సు బండిలోని పొడి ఉన్నదే ఈ పదార్థం! మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఈ పొర మందం అందులో మూడు నాలుగు భాగాలు మాత్రమే. ఇనుము తుప్పులా ఇది పొరలుపొరలుగా ఊడిపోదు. లోహాన్ని అంటిపెట్టుకొని లోపలికి గాలి, నీరు చొరబడకుండా ఆపుతుంది. గీత పడితే అక్కడ క్షణంలో కొత్త పొర ఏర్పడుతుంది. చిరిగినచోట తానే కుట్టుకునే చొక్కా అన్నమాట!

ఈ చొక్కాకు ఉప్పు పెద్ద శత్రువు. సముద్రపు గాలిలో తేలివచ్చే ఉప్పుకణాలు చక్రంమీద వాలి తేమను పీల్చుకుంటాయి. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు పొరను అక్కడక్కడా పొడిచి, అది మళ్లీ కట్టుకోకుండా అడ్డుపడతాయి. అక్కడ లోహం తిని సన్నని గుంట పడుతుంది. గుంట నోట తెల్లటి బూజులాంటిది పేరుకుంటుంది. కారులో ఒకటి రెండుచోట్ల రంగుపూత కింద పురుగు పాకినట్టు తెల్లటి దారులు కనబడితే, పూతలోని చిన్న గీతగుండా ఉప్పునీరు లోపలికి దిగిందని అర్థం.

రెండో శత్రువు కారులోనే ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా సన్నని ఇనుప రజను రాలి చక్రానికి అంటుకుంటుంది. తడి తగిలితే అది తుప్పు పట్టి గోధుమరంగు మరకలవుతుంది. అంతటితో ఆగదు. ఇనుము, అల్యూమినియం, మధ్య ఉప్పునీరు: మీ పుస్తకంలోని విద్యుద్ఘటం తయారయింది చూశారా? ఈ ఘటంలో కరిగిపోయే వంతు అల్యూమినియానిదే. అందుకే ఈ చక్రాలను ఇనుప పీచుతోగాని, ఇనుప తీగల బ్రష్‌తోగాని తోమకూడదు. తోమినవారు మెరుపు తెచ్చామనుకుంటారు గాని, నిజానికి వేల ఇనుప ముక్కలను లోహంలో నాటి వెళతారు.

మరి ఎలా కడగాలి? ముందు చక్రం చల్లారనివ్వాలి. వేడి చక్రంమీద నీరు వెంటనే ఆవిరై, అందులోని లవణాలు మరకలుగా మిగులుతాయి. పాత కార్ల బ్రేకులలో ఆస్బెస్టాస్ వాడేవారు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. కాబట్టి పొడిగా ఉండగా దులపకూడదు, గాలి కొట్టకూడదు. తడిపి కడగాలి. తరువాత ఘాటులేని సబ్బునీరు, మెత్తని బ్రష్ చాలు. చక్రం లోపలి వైపు ఎవరి కంటా పడదు గనుక చాలామంది వదిలేస్తారు. ఉప్పూ రజనూ ఎక్కువగా దాక్కునేది అక్కడే.

ఇత్తడి బిందెకు చింతపండు, ఉప్పు పట్టించి తోమడం మనకు తెలిసిన వైద్యమే. ఇక్కడ అది పనికిరాదు. ఉప్పు ఏం చేస్తుందో చూశాం కదా. మరుగుదొడ్డి ఆమ్లమూ, కాస్టిక్ సోడా అంతకంటే చెడ్డవి. అల్యూమినియం ఆక్సైడ్ ఆమ్లాలలోనూ, క్షారాలలోనూ కూడా కరుగుతుంది. కాస్టిక్ సోడా ద్రావణంలో అల్యూమినియం రేకు ముక్క వేసి చూపించమని మీ సైన్సు మాస్టారిని అడగండి. మీరు మాత్రం చేయకండి, అది చర్మాన్ని కాల్చేస్తుంది. మొదట కాసేపు ఏమీ జరగదు. అప్పుడు కరుగుతున్నది చొక్కా! ఆ తరువాత బుసబుసమని హైడ్రోజన్ బుడగలు వస్తాయి.

బాగా పాడైన చక్రాన్ని బాగుచేసేటప్పుడు టైరు తీసి, పాత పూత తొలగించి, గుంటలు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దుతారు. పేరులో ఉప్పు ఉన్నా దానిలో ఉప్పేమీ లేదు. ఆ గరుకు గింజలు చాలావాటిలో అల్యూమినియం ఆక్సైడే! లోహం మెత్తనిది, దాని ఆక్సైడ్ మాత్రం వజ్రానికి ఒక మెట్టు కింద నిలిచేంత కఠినమైనది. కెంపు, నీలం రాళ్లు కూడా ఈ ఆక్సైడ్ స్ఫటికాలే. 120 అంకె కాగితంతో మొదలుపెట్టి, 240, 400 అంటూ నునుపు కాగితాలకు వెళతారు. తరువాత ప్రైమరు, రంగు, పైన పారదర్శకమైన లాకర్ పూత. కనబడని చొక్కామీద కనబడే కోటు వేయడమే ఇది.

అయితే రంగు వేయడానికి ముందు చూడవలసినది పగుళ్లు. గోతిలో పడిన చక్రంలో వెంట్రుకవాసి పగులు ఉండవచ్చు. పుట్టీ పెట్టి రంగు వేస్తే అది కంటికి కనబడదు గాని, పగులు అలాగే ఉంటుంది. వేగంగా పోతున్నప్పుడు ఆ చక్రం విరిగితే కారులోనివారి గతి ఏమిటి? పగులు కనిపెట్టేందుకు ఒక చక్కని ఉపాయం ఉంది. చక్రానికి ఎర్రని పలుచటి ద్రవం పూసి, కాసేపాగి తుడిచి, తెల్లని పొడి చల్లుతారు. కేశనాళికా చర్యవల్ల పగులులోకి దూరిన ద్రవం మళ్లీ పైకి ఊరి, తెల్లదనం మీద ఎర్రటి గీతగా కనబడుతుంది. ఆ గీత కనబడిన చక్రాన్ని పాత లోహానికి అమ్మివేయడమే మంచిది.

వంగిన చక్రాన్ని గ్యాసు మంటతో కాల్చి సుత్తితో సరిచేయడం నాకు అసలు నచ్చని పని. తయారీలో చాలా చక్రాలను సుమారు 540 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, చటుక్కున నీటిలో ముంచి, మళ్లీ 150 డిగ్రీల పైచిలుకు వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. అప్పుడు మెగ్నీషియం, సిలికాన్ కలిసిన అతి సన్నని కణాలు లోహమంతా ఏర్పడి దానిని బలపరుస్తాయి. అదుపులేని మంట తగిలితే ఆ కణాలు పెద్దవై చెదిరిపోతాయి. చక్రం చూడడానికి గుండ్రంగానే ఉంటుంది, బలమే ఉండదు.

చివరగా నట్లు కూర్చునే చోట, కారు హబ్‌కు ఆనే చోట రంగు మందంగా పడకూడదు. పడితే ఆ పూత బరువుకు నలిగి, నట్లు వదులవుతాయి. అందుకే తెలిసిన మెకానిక్కులు కారును యాభై, వంద కిలోమీటర్లు తిప్పుకొని రమ్మని చెప్పి, రాగానే నట్ల బిగువు మరొకసారి చూస్తారు.