జైలు గేటు దాటాక మొదటి రెండు వారాలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర జైళ్ల నుంచి 1999 జూలై మొదలు 2003 డిసెంబరు దాకా విడుదలైన 30,237 మంది ఆ తర్వాత ఏమయ్యారో పరిశోధకులు మరణాల రికార్డులతో సరిచూశారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ముప్పు ఆ రాష్ట్రంలోని మిగతా జనంతో పోలిస్తే 12.7 రెట్లు ఉంది. మత్తుమందు మోతాదు మించి ప్రాణం పోయే ముప్పు ఒక్కటే తీసుకుంటే 129 రెట్లు. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయిన లెక్క ఇది. కోర్టు వేసిన శిక్ష రెండేళ్లో మూడేళ్లో అనుభవించి, బట్టల సంచి పట్టుకుని గేటు దాటిన మనిషి పక్షం రోజులు తిరక్కుండానే పోతున్నాడంటే, ఆ చావులో జైలుకు భాగం లేదనడం కష్టం. జైలే పెంచిన ఈ ముప్పును జైలే చాలావరకు తగ్గించగలదు కూడా. అందుకు కావలసిన మందులు కొత్తవీ కావు, అరుదైనవీ కావు.

హెరాయిన్, నల్లమందు, మార్ఫిన్, ఫెంటానిల్, కొన్ని రకాల నొప్పి మాత్రలు, అన్నీ ఓపియాయిడ్ల కుటుంబమే. రోజూ హెరాయిన్ వాడే మనిషి అరెస్టయి లాకప్‌లో పడితే ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో ఒళ్లు ఎదురుతిరుగుతుంది. ముందు ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు. ఆ తర్వాత రోమాలు నిక్కబొడుచుకుని చలి, కాళ్లు వాటంతటవే తన్నుకోవడం, కడుపులో మెలితిప్పు, వాంతులు, విరేచనాలు. రెండు మూడు రోజులకి ఇది బాగా ముదురుతుంది. ఆ స్థితిలో సెలైన్ కూడా పెట్టక, ఒంట్లో నీరంతా పోయి అమెరికా కౌంటీ జైళ్లలో చనిపోయినవాళ్లున్నారు. ఈ నరకం దాటితే వ్యసనం వదిలినట్టేనని పోలీసులే కాదు, చాలామంది కన్నవాళ్లు కూడా నమ్ముతారు. నిజానికి ఆ కొద్ది వారాల్లో పోయేది మందును తట్టుకునే శక్తి ఒక్కటే. దాని మీద యావ ఎక్కడికీ పోదు. ఊపిరిని నడిపించే మెదడు భాగం మళ్లీ అలవాటులేని మనిషిదానిలా మారిపోతుంది. అరెస్టుకు ముందు రోజూ తీసుకున్న మోతాదునే విడుదలైన రాత్రి తీసుకుంటే శ్వాస ఆగిపోతుంది. హెరాయిన్ పేరుతో దానికి 50 రెట్ల తీవ్రత ఉన్న ఫెంటానిల్ అమ్ముతున్న చోట ఇక చెప్పేదేముంది.

దీనికి మూడు మందులున్నాయి. మెథడోన్, బుప్రెనార్ఫిన్ కూడా ఓపియాయిడ్లే, కానీ నెమ్మదిగా, చాలాసేపు పనిచేస్తాయి. సరైన మోతాదులో రోజుకొకసారి తీసుకుంటే యావ చల్లారుతుంది, తట్టుకునే శక్తి నిలిచి ఉంటుంది, మత్తు ఎక్కదు. బుప్రెనార్ఫిన్‌కి ఇంకో గుణం ఉంది: మోతాదు పెంచుతూ పోయినా ఒక హద్దు దాటాక శ్వాసను అణచే ప్రభావం పెద్దగా పెరగదు. మూడోది నాల్ట్రెక్సోన్, ఓపియాయిడ్ల పనిని పూర్తిగా అడ్డుకునే మందు. మొదటి రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. జైలు అధికారులకు మాత్రం మూడోదే ముద్దు, ఎందుకంటే అది మత్తుమందుల కోవలోకి రాదు. అయితే దాన్ని మొదలుపెట్టాలంటే వారం పది రోజులు ఓపియాయిడ్లు పూర్తిగా మాని ఉండాలి. ఆపేశాక తట్టుకునే శక్తి ఏమీ మిగలదు. అదొక్కటే ఇచ్చి చికిత్స చేశామనుకోవడం సరికాదు. రోగికి ఏది పనికొస్తుందో డాక్టరు తేల్చాలి, జైలరు కాదు.

ఇదంతా కాగితం మీది మాట కాదని చూపింది అమెరికాలోని రోడ్ ఐలండ్. మన ఉమ్మడి జిల్లాల్లో చాలావాటికన్నా చిన్న రాష్ట్రం అది, జనాభా పది లక్షల పైచిలుకు. 2016లో గవర్నర్ జీనా రైమండో హయాంలో ఏటా 20 లక్షల డాలర్లు కేటాయించి, రాష్ట్ర జైళ్లన్నిటిలో ఈ మూడు మందులనూ అందుబాటులోకి తెచ్చారు. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరినీ పరీక్షించి, అప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లకి ఆపకుండా కొనసాగించారు, లేనివాళ్లకి కొత్తగా మొదలుపెట్టారు. జైల్లో మందు ఇచ్చే సంస్థకే ఊళ్లలోనూ క్లినిక్‌లు ఉన్నాయి కాబట్టి, విడుదలైన మనిషి మర్నాడు ఎక్కడికి వెళ్లాలో వెతుక్కోనక్కర్లేదు. నా దృష్టిలో ఈ పథకానికి ప్రాణం ఈ ఏర్పాటే. 2016 మొదటి ఆరు నెలల్లో రాష్ట్రంలో మోతాదు మించి చనిపోయిన 179 మందిలో 26 మంది అంతకుముందు ఏడాది లోపు జైలు నుంచి వచ్చినవాళ్లు. 2017 మొదటి ఆరు నెలల్లో 157 మంది చనిపోతే అలాంటివాళ్లు తొమ్మిది మందే. వాటా లెక్కన చూస్తే 61 శాతం తగ్గుదల.

ముందూ వెనకా పోల్చిన లెక్క, అంకెలు కూడా చిన్నవి అని గణాంకవేత్త అడ్డుపడితే ఆ మాటలో న్యాయం ఉంది. రోడ్ ఐలండ్‌లో జైళ్లన్నీ ఒకే శాఖ కింద, ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. మిగతా అమెరికాలో సుమారు మూడు వేల స్థానిక జైళ్లు ఎక్కువగా షెరీఫుల చేతిలో ఉన్నాయి. కాబట్టి ఈ ఒక్క రాష్ట్రం మీదే వాదన నిలబెట్టనక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 39 జైళ్ల నుంచి విడుదలైనవాళ్లను పరిశీలిస్తే, లోపల ఈ చికిత్సలో ఉన్నవాళ్లలో మొదటి నెల మరణాలు 75 శాతం, మత్తుమందు మరణాలు 85 శాతం తక్కువగా ఉన్నాయి. రోడ్ ఐలండ్‌లోనే అంతకుముందు లాటరీ పద్ధతిలో ఖైదీలను రెండు జట్లు చేసి జరిపిన ప్రయోగం 2015లో లాన్సెట్‌లో వచ్చింది. జైల్లో మెథడోన్ కొనసాగించినవాళ్లలో 96 శాతం విడుదలైన నెలలోపే బయటి క్లినిక్‌కి చేరారు. బలవంతంగా మాన్పించినవాళ్లలో 78 శాతమే. అరెస్టయితే మందు పోతుందని తెలిసిన రోగి బయట కూడా చికిత్సలో చేరడానికి జంకుతాడు. అంటే జైలు తీసుకున్న నిర్ణయం గోడ అవతలి క్లినిక్‌ని కూడా దెబ్బతీస్తుంది.

ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడమేగా అన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయకూడదు. బిడ్డ మళ్లీ మామూలు మనిషి కావాలని కోరుకునే తల్లి కూడా ఇదే అడుగుతుంది. శరీరం ఈ మందు మీద ఆధారపడుతుంది, ఉన్నట్టుండి ఆపితే బాధ ఉంటుంది. ఇది దాచాల్సిన విషయం కాదు. కానీ వ్యసనమంటే ఒక పదార్థం ఒంట్లో ఉండటం ఒక్కటే కాదు. దాని కోసం దొంగతనం చేయడం, ఇల్లు గుల్ల చేయడం, ఎవరో వాడిన సూది గుచ్చుకోవడం, వద్దనుకుంటూనే చేయడం, ఇవన్నీ వ్యసనమే. డాక్టరు రాసిన మోతాదు రోజూ ఒకే వేళకి తీసుకుని పనికి పోయే మనిషి జీవితంలో ఇవి తగ్గుతాయి. మసాచుసెట్స్‌లో ఫ్రాంక్లిన్ కౌంటీ జైలు బుప్రెనార్ఫిన్ ఇచ్చిన కాలంలో పక్కనున్న హ్యాంప్‌షైర్ కౌంటీ జైలు ఇవ్వలేదు. మొదటి జైలు నుంచి విడుదలైన ఓపియాయిడ్ వ్యసనపరుల్లో 48 శాతం మళ్లీ కేసుల్లోకొస్తే, రెండోదాని నుంచి వచ్చినవాళ్లలో 63 శాతం వచ్చారు. మనిషి పూర్తిగా మందు లేకుండా బతకాలన్న కోరిక మంచిదే, కానీ ముందు బతికుండాలి కదా.

మందు జైల్లో చేతులు మారుతుందన్న భయం మరింత గట్టిది. మారుతుంది, నిజమే. అందుకే మందు వేసే పద్ధతి పకడ్బందీగా ఉండాలి. నర్సు మాత్రను పొడి చేసో, పల్చటి పొరలాంటి ఫిల్మ్ రూపంలోనో నాలుక కింద పెడుతుంది. అది కరిగేదాకా పదినిమిషాలు ఖైదీ చేతులు కనిపించేలా కూర్చుంటాడు. తర్వాత నీళ్లు తాగించి, టార్చి వేసి నాలుక కింద, బుగ్గల లోపల చూస్తారు. దీనికి సిబ్బంది కావాలి, ఓపిక కావాలి. 2017లో అమెరికా అనుమతించిన నెలకొకసారి వేసే ఇంజెక్షన్‌తో ఈ తంటా చాలావరకు తప్పుతుంది. జైళ్లలోకి దొంగచాటుగా చేరే బుప్రెనార్ఫిన్‌ని చాలామంది కొనేది మత్తుమందు ఆగినప్పటి బాధ తట్టుకోలేకే అన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆస్పత్రి గదిలో న్యాయంగా దొరికితే బ్యారక్‌లో గిరాకీ పడిపోతుంది.

అమెరికా కోర్టులు కూడా ఇటే మొగ్గుతున్నాయి. ఖైదీ తీవ్రమైన వైద్య అవసరాన్ని తెలిసీ పట్టించుకోకపోతే అది క్రూరమైన శిక్షేనని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. 2018, 2019ల్లో మసాచుసెట్స్, మెయిన్ రాష్ట్రాల్లోని ఫెడరల్ కోర్టులు అప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లకి జైల్లో మందు ఆపొద్దని ఆదేశించాయి. అయినా అక్కడి జైళ్లు ఇంకా చాలా వెనకబడే ఉన్నాయి.

మన దేశంలో ఇది ఊహకందని సంగతేమీ కాదు. తీహార్ జైల్లో 2008లోనే ఎయిమ్స్ వైద్యుల తోడ్పాటుతో బుప్రెనార్ఫిన్ చికిత్స మొదలైంది. పంజాబ్ 2017లో నాలుక కింద పెట్టే మాత్రలతో ఔట్ పేషెంట్ కేంద్రాలు తెరిచి, తర్వాత సెంట్రల్ జైళ్లలోకీ తెచ్చింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తుమందుల వాడకంతో వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్యంలో చేర్చింది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలని 103వ సెక్షన్ చెబుతోంది. తెలుగు రాష్ట్రాల్లో మత్తు కేసులంటే ముందు గంజాయే గుర్తొస్తుంది, దానికి ఇలాంటి మందు లేదు. కల్తీ కల్లులో కలిపే ఆల్ప్రాజోలం ఓపియాయిడ్ కాదు, దాని వైద్యం వేరు. కానీ నొప్పి మాత్రలకు, ఇంజెక్షన్లకు అలవాటుపడి జైలుకొచ్చేవాళ్లను గుర్తించాలంటే మొదటి రోజే ఏం వాడావని డాక్టరు అడగాలి, ఆ జవాబు కేసు డైరీలోకి పోకూడదు.

మందు వేయడంలో మనకు అనుభవం లేదనీ అనలేం. క్షయ మాత్రలు కళ్లెదుట మింగించడం, విడుదలైనవాళ్లను వాళ్ల ఊరి దగ్గరి కేంద్రానికి బదిలీ చేయడం మన జైళ్లకు తెలిసిన పద్ధతే. ఇక్కడ అదనపు చిక్కొకటి ఉంది. మన ఖైదీల్లో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు, ఎప్పుడు బయటికొస్తారో జైలు డాక్టరుకి తెలియదు. బెయిలు ఉత్తర్వు సాయంత్రం చేరితే ఆ పూటే వదిలేస్తారు, మందుల గది అప్పటికి మూసేసి ఉంటుంది. అందువల్ల చికిత్స మొదలైన రోజే మోతాదు రాసిన కార్డు, నాలుగు రోజుల మాత్రలు, బయటి కేంద్రం చిరునామా ఒక కవర్లో పెట్టి విడుదల సెక్షన్లో ఉంచాలి. కోర్టు వాయిదా ఉన్న పొద్దున ఎస్కార్టు బండి ఎక్కకముందే డోసు వేయాలి, ఎందుకంటే కొందరు ఆ సాయంత్రం జైలుకి తిరిగి రారు.