ఫీల్డుకి కరెంటు ఎటునుంచి వస్తోంది?

పెళ్లి ఊరేగింపులో అంబాసిడర్ కారు మనిషి నడకతో సమానంగా కదులుతుంది. ఇంజను ఐడిలింగులో ఉంటుంది. హెడ్‌లైట్లు, బానెట్ మీద సీరియల్ సెట్టు, లోపల పాటలు అన్నీ నడుస్తుంటాయి. పాత లూకాస్ డైనమో ఉన్న కారైతే ఆ వేగంలో అది ఇచ్చే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. భారమంతా బ్యాటరీ మీదే. విడిదింటి ముందు ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది. మొగల్తూరు, నరసాపురం, పాలకొల్లు వైపు ఇలాంటి కారుని ఇంట్లో నిలబెట్టుకున్నవాళ్లు ఎవరైనా డైనమో తీయించి ఆల్టర్నేటర్ పెట్టించుకోవాలనుకోవడం సహజం.

చిక్కు అక్కడే మొదలవుతుంది. 1950ల చివర్లో ఉత్తరపారాలో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. ఇప్పుడు సామాను దొరికిన చోట దొరికినట్టు తెచ్చుకోవాల్సిందే. ఆల్టర్నేటర్ ఒక బండిది, రెగ్యులేటర్ ఇంకో బండిది, వైరింగు ఇంకెప్పటిదో. విడివిడిగా పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటాయి, కలిపితే ఛార్జింగ్ ఎక్కదు. టెర్మినల్ మీద అక్షరం చూసి, వైరు రంగు చూసి కలిపేయడం వల్లే ఇలా జరుగుతుంది. చూడాల్సింది రంగు కాదు, ఫీల్డు కాయిలుకి కరెంటు ఎటునుంచి వచ్చి ఎటు పోతోందన్నది.

డైనమో అయినా ఆల్టర్నేటర్ అయినా కరెంటు పుట్టాలంటే అయస్కాంతం కావాలి. ఆ అయస్కాంతమే ఫీల్డు కాయిలు. అందులో ఎంత కరెంటు పారితే అయస్కాంతం అంత బలంగా ఉంటుంది. రెగ్యులేటర్ చేసేదల్లా ఆ కరెంటుని పెంచడం, తగ్గించడం. కాయిలుకి రెండు కొసలుంటాయి కాబట్టి రెగ్యులేటర్ ఏ కొస దగ్గరైనా ఉండొచ్చు.

లూకాస్ సీ40 డైనమోలో ఫీల్డు ఒక కొస లోపలే బాడీకి ఎర్త్ అయి ఉంటుంది. రెండో కొస ‘ఎఫ్’ అనే చిన్న టెర్మినల్‌కి వస్తుంది. రెగ్యులేటర్ పెద్ద టెర్మినల్ ‘డి’ నుంచి కరెంటు తీసుకుని ‘ఎఫ్’కి పంపుతుంది. వోల్టేజి పెరగగానే లోపలి కాంటాక్టు విడిపోతుంది, కరెంటు రెసిస్టెన్స్ గుండా వెళ్లాల్సి వచ్చి అయస్కాంతం నీరసిస్తుంది, వోల్టేజి తగ్గగానే కాంటాక్టు మళ్లీ అతుక్కుంటుంది. ఇదంతా సెకనుకి పదుల సార్లు జరుగుతుంది. మూత తీసి నీడలో చూస్తే ఆ మొనల మధ్య సన్నటి నీలి నిప్పురవ్వ కనిపిస్తుంది.

అమెరికా డెల్కో డైనమోల్లో చాలావాటి పద్ధతి దీనికి తిరగేసినట్టు ఉంటుంది. ఫీల్డు ఒక కొస లోపల ఆర్మేచర్‌కి కలిసి ఉంటే, రెగ్యులేటర్ రెండో కొసని ఎర్త్ చేస్తుంది. లూకాస్ వాళ్లే 1960ల్లో తెచ్చిన 11ఏసీ ఆల్టర్నేటర్‌కి జోడీ అయిన 4టీఆర్ రెగ్యులేటర్ కూడా ఎర్త్ వైపే పనిచేస్తుంది. రాత మాత్రం అక్కడా ఇక్కడా ‘ఎఫ్’ అనే. ఎర్త్ చేసే రెగ్యులేటర్‌ని లూకాస్ డైనమో ‘ఎఫ్’కి కలిపారనుకోండి, ఫీల్డు రెండు కొసలూ ఎర్త్ మీదే ఉంటాయి. ఇక కాయిలులో కరెంటు పారదు.

మీ డైనమో ఏ రకమో మల్టీమీటరుతో తేల్చుకోవచ్చు, కానీ ఒక జాగ్రత్త ఉంది. ‘డి’, ‘ఎఫ్’ వైర్లు రెండూ ఊడదీసి, ‘ఎఫ్’కీ బాడీకీ మధ్య ఓమ్స్ కొలిస్తే రెండు రకాలూ ఇంచుమించు ఒకేలా చూపిస్తాయి. ఆర్మేచర్ దారి ఒక ఓమ్ కూడా ఉండదు కాబట్టి మీటరు దాని గుండా కూడా ఎర్త్‌ని చూసేస్తుంది. ‘డి’ వైపు కార్బన్ బ్రష్‌ని కమ్యుటేటర్ మీంచి ఎత్తి అప్పుడు కొలవాలి. అప్పటికీ దాదాపు 6 ఓమ్స్ చూపిస్తే అది లూకాస్ పద్ధతి. దారి తెగిపోయినట్టు చూపిస్తే రెండో రకం.

పాత కంట్రోల్ బాక్సులో రెగ్యులేటర్ పక్కనే కటౌట్ ఉంటుంది. మన డెల్టా డ్రెయిన్ల చివర, పోటు సమయంలో ఉప్పునీరు వెనక్కి ఎక్కకుండా వాటంతట అవే మూసుకునే స్లూయిజ్ తలుపుల్లాంటిది అది. డైనమో వోల్టేజి దాదాపు 13కి చేరితే తెరుచుకుంటుంది, ఇంజను ఆగి బ్యాటరీ కరెంటు వెనక్కి మళ్లితే మూసుకుంటుంది. ఆల్టర్నేటర్‌లో ఆ పని డయోడ్లే చేస్తాయి. అందుకే లోపలే రెగ్యులేటర్ ఉన్న ఆల్టర్నేటర్ పెట్టాక పాత బాక్సుకి పని లేదు. దాన్ని దారిలో వదిలేయడం పొరపాటు. ఆర్‌బీ106 రకం పాత బాక్సు దగ్గర ‘డి’, ‘ఏ’, ‘ఏ1’ లావు వైర్లు మూడూ ఒకటి చేయాలి. ‘డి’ దగ్గరున్న ఛార్జింగ్ లైటు సన్న వైరునీ ‘ఎఫ్’ వైరునీ కలపాలి. అప్పుడు డైనమో దగ్గరి లావు వైరు ఆల్టర్నేటర్ కరెంటు బయటికిచ్చే బీ ప్లస్ టెర్మినల్‌కి, సన్న వైరు లైటు టెర్మినల్‌కి వెళ్తాయి.

ఆ చిన్న లైటుని తేలిగ్గా తీసుకోకూడదు. డైనమో ఇనుములో మిగిలిన కాస్త అయస్కాంతంతో తనంతట తానే లేస్తుంది. ఆల్టర్నేటర్‌కి మొదటి ఊపు చాలావరకు ఆ బల్బు గుండా వచ్చే కరెంటే ఇస్తుంది. మామూలుగా అక్కడ ఉండేది 2.2 వాట్ల బల్బు. అది మాడిపోయినా, దాని స్థానంలో ఎల్ఈడీ పెట్టినా, ఇంజను బాగా రేజ్ చేస్తే తప్ప ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు.

ఇంకో సంగతి, 1960ల మధ్య వరకు బ్రిటిష్ కార్లలో ఎక్కువగా బ్యాటరీ ప్లస్‌నే ఎర్త్ చేసేవారు. డైనమో ఏ వైపుకైనా సర్దుకుంటుంది, ‘ఎఫ్’కి ఒక్క క్షణం బ్యాటరీ తాకించి కొత్త వైపు అయస్కాంతం ఎక్కిస్తే చాలు. ఆల్టర్నేటర్ సర్దుకోదు. బ్యాటరీ తలకిందులైతే డయోడ్లు షార్టు దారి అయిపోయి క్షణాల్లో మాడిపోతాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి ‘ఛార్జ్ అవుతోందా’ అని చూసే అలవాటు డైనమో కాలం నాటిది. ఆల్టర్నేటర్ మీద అలా చేస్తే ఒక్కసారిగా ఎగసిన వోల్టేజి డయోడ్లనీ రెగ్యులేటర్‌నీ కాల్చేయగలదు.

తర్వాత వైరు లావు. సీ40 గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు, పాత వైరింగు దానికి సరిపోయేలా వేసిందే. 40 ఆంపియర్ల ఆల్టర్నేటర్ అదే వైరులో దాదాపు రెట్టింపు కరెంటు తోస్తే పుట్టే వేడి మూడు రెట్లు దాటుతుంది. కరెంటుకి వర్గంగా వేడి పెరుగుతుంది మరి. బీ ప్లస్ నుంచి సెల్ఫ్ సొలినాయిడ్ దాకా కొత్త లావు వైరు, మధ్యలో ఫ్యూజు వేయడం నాకు సరైన పద్ధతిగా తోస్తుంది. అలా వేశాక డాష్‌బోర్డులోని ఆంపియర్ మీటరు బ్యాటరీ ఛార్జ్ అవుతున్నా మైనస్‌లోనే ఉంటుంది, ఎందుకంటే ఛార్జింగ్ కరెంటు దాని గుండా పోదు, లైట్లూ హారనూ వాడే కరెంటే పోతుంది. దాన్ని చూసి కంగారుపడి ఆల్టర్నేటర్ మార్చకండి. పక్కన ఒక వోల్టుమీటరు పెట్టించుకోండి.

పేరుపాలెం బీచి ఉన్న మొగల్తూరు మండలం మనది, చుట్టూ రొయ్యల చెరువులు. ఉప్పుగాలికి లగ్గు కింద రాగి పచ్చబారుతుంది, ఇన్సులేషన్ లోపల కూడా. అలాంటి ఒక్క జాయింటులో 0.05 ఓమ్ పెరిగినా, 30 ఆంపియర్లు పారుతుంటే 1.5 వోల్టులు అక్కడే పోతాయి, 45 వాట్ల వేడి ఆ లగ్గులోనే పుడుతుంది. కంటితో చూస్తే తెలియదు. ఇంజను కాస్త రేజ్ చేసి, హెడ్‌లైట్లు వేసి, మీటరు ఒక కొస బీ ప్లస్ మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. 0.3 వోల్టు దాటితే ఆ దారిలో జాయింట్లు విప్పి గీకాల్సిందే. ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2 లోపు ఉండాలి. రెండూ బాగుంటే బ్యాటరీ మొనల మీద 13.8 నుంచి 14.4 వోల్టుల వరకు కనిపిస్తుంది.

ఎర్త్ వైపు కొలత చెడితే ముందు ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే జడ పట్టీ చూడాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికి ఎర్త్ ఇచ్చేది ఆ పట్టీయే. అది తుప్పు పట్టి తెగితే సెల్ఫ్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, చోక్ కేబుల్ గుండా కూడా పోతుంది. సెల్ఫ్ కొట్టాక చోక్ పట్టుకుంటే చెయ్యి చుర్రుమందంటే కొనాల్సింది కొత్త ఆల్టర్నేటర్ కాదు, ఆ పట్టీ.