ఎనిమిది మెట్ల యంత్రం

సంగీతంలో రెండు రకాల పని ఉందని మన హాస్టల్లో ఒక సిద్ధాంతం చలామణిలో ఉంది. తన మనసుకు నచ్చి చేసుకునేది కళ. వేరొకరు అడిగి, గడువు పెట్టి, డబ్బిస్తే చేసేది కూలి. ఈ లెక్కన టెలివిజన్ సీరియల్‌కు సంగీతం కట్టేవాడు కూలివాడు. అతడే సొంతంగా ఒక ఆల్బమ్ వేస్తే కళాకారుడు అయిపోతాడు. భోజనాల దగ్గర ఈ వాదన ఎన్నిసార్లు జరిగిందో లెక్కలేదు. అదనులో విత్తకపోతే ఆ ఏడు గింజలు ఇంటికి రావని తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. గడువు ఉన్నంత మాత్రాన పని విలువ తగ్గుతుందంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. అయితే వాదనకు కోపం చాలదు, ఉదాహరణ కావాలి. నాకు దొరికిన ఉదాహరణ క్రిస్టఫర్ ఫ్రాంకె.

ఈయన 1953లో బెర్లిన్‌లో పుట్టాడు. అమెరికాలో 1994 నుంచి 1998 దాకా ప్రసారమైన 'బాబిలోన్ 5' అనే అంతరిక్ష సీరియల్‌కు సంగీతం ఇచ్చాడు. అంతకు మునుపు 'టాంజరీన్ డ్రీమ్' అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందంలో 1971 నుంచి 1987 వరకూ ఉన్నాడు. ఈ రెంటికీ మధ్యన, పక్కనా సొంత ఆల్బమ్‌లు వేశాడు. అంటే బృందం పని, సొంత పని, టెలివిజన్ పని మూడూ ఒక్క మనిషి చేతిమీదుగా జరిగాయి. మన వాదనకు ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు.

మొదట గుర్తుంచుకోవలసింది, ఈయన డ్రమ్స్ వాయించేవాడు. 'అజిటేషన్ ఫ్రీ' అనే బెర్లిన్ బృందంలో కుర్రతనంలోనే డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. ఎడ్గర్ ఫ్రోజె నడిపే టాంజరీన్ డ్రీమ్‌లోకి వచ్చిందీ డ్రమ్స్ వాడిగానే. తర్వాత ఆ డ్రమ్స్ క్రమంగా పక్కకు పోయాయి, ఆ స్థానంలోకి ఒక యంత్రం వచ్చింది. దాని పేరు సీక్వెన్సర్. దీన్ని అర్థం చేసుకుంటే ఫ్రాంకె సగం అర్థమైనట్టే కనుక, బి.ఎస్సీ. చదువుతున్న హక్కుతో కాస్త వివరిస్తాను. ఆర్ట్స్ మిత్రులు ఓర్చుకోవాలి.

మన పల్లెల్లో సాయంత్రంపూట లో-వోల్టేజీ వస్తే ఏమవుతుంది? బల్బు ఎర్రబడుతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది, దాని రొద కిందికి దిగుతుంది. వోల్టేజీ తిరిగి ఎక్కితే రొద కూడా పైకి పోతుంది. రాబర్ట్ మూగ్ 1960లలో తయారుచేసిన సింథసైజరులో జరిగేది సుమారుగా ఇదే, కాకపోతే కొలత ప్రకారం జరుగుతుంది. ఆసిలేటరుకు ఇచ్చే వోల్టేజీని ఒక వోల్టు పెంచితే స్వరం సరిగ్గా ఒక స్థాయి పైకి పోతుంది, అనగా పౌనఃపున్యం రెట్టింపవుతుంది. 220 ఉన్నది 440 అవుతుంది, మరో వోల్టు ఇస్తే 880. స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు కనుక, ఒక్కో స్వరస్థానానికి వోల్టులో పన్నెండో వంతు చాలు. మిల్లీవోల్టుల్లో చెప్పాలంటే సుమారు 83.

ఇక సీక్వెన్సర్. మూగ్ సీక్వెన్సర్‌లో వరుసకు ఎనిమిది చొప్పున మూడు వరుసల నాబ్‌లు ఉంటాయి, పాత రేడియోకు ఉండేలాంటివే. ప్రతి నాబ్‌నూ ఒక వోల్టేజీ దగ్గర పెట్టి వదిలేస్తే, యంత్రం ఒకటో మెట్టు నుంచి ఎనిమిదో మెట్టు దాకా తాళం తప్పకుండా నడిచి, మళ్ళీ ఒకటికి వస్తుంది. ఎనిమిది స్వరాలు అలా తిరుగుతూనే ఉంటాయి. చెయ్యి పెట్టకపోతే తెల్లార్లూ అదే పాట.

"ఇందులో మనిషి చేసిందేముంది?" అని అడిగాడు నా గదిలోని మిత్రుడు. న్యాయమైన ప్రశ్నే. మా పెదనాన్న గొర్రుతో వేరుశనగ విత్తిన రోజుల్ని గూర్చి చెబుతుంటాడు. ఎద్దుల నడక ఒకే తీరుగా ఉండాలి, అది తాళం. జడ్డిగంలో గింజలు వదిలే చెయ్యి మాత్రం నేలను బట్టి మారుతూ ఉండాలి. రాతినేల వస్తే ఒకలా, నల్లనేల వస్తే ఒకలా. గింజ వదలడంలో చెయ్యి తిరిగినవాళ్ళు ఊళ్ళో కొందరే ఉండేవారట. ఫ్రాంకె చేసింది ఇటువంటి పనే. యంత్రాన్ని నడవనిచ్చి, నడుస్తుండగానే చేత్తో నాబ్ తిప్పేవాడు. ఎనిమిదింటిలో ఒక స్వరం మారుతుంది. రెండు చుట్లు తిరిగాక ఇంకొకటి. వినేవాడికి ఎప్పుడు మారిందో తెలియదు, కానీ నిమిషం తర్వాత ఎక్కడో వేరేచోట ఉంటాడు. ఇది పూర్తిగా డ్రమ్స్ వాడి బుద్ధి. పాట కట్టేవాడైతే స్వరాల వెంట పోయేవాడు. ఈయన లయను పట్టుకుని స్వరాన్ని దానికి అంటగట్టాడు.

ఈ పద్ధతి మొదటిసారి పెద్దగా వినిపించింది 'ఫేడ్రా' ఆల్బమ్‌లో. ఫ్రోజె, ఫ్రాంకె, పీటర్ బౌమన్ ముగ్గురూ కలిసి 1973 చివర్లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెప్రాంతంలో 'మేనర్' అనే స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. వర్జిన్ సంస్థ 1974లో విడుదల చేసింది. ఒక్క మాట పాడని ఆ రికార్డు బ్రిటన్ పట్టికలో 15వ స్థానం దాకా పోయింది. దాని మొదటి పాట 17 నిమిషాలకు పైబడి ఉంటుంది.

ఆ పాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి భౌతికశాస్త్రానిది. వోల్టేజీని పౌనఃపున్యంగా మార్చే భాగం ట్రాన్సిస్టర్ స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. ట్రాన్సిస్టర్ సమీకరణంలో ఉష్ణోగ్రత కూర్చుని ఉంటుందని మన సెమీకండక్టర్ల పాఠం చదివినవారికి తెలుసు. గది వేడెక్కినా, పెట్టె వేడెక్కినా స్వరం జరుగుతుంది. ఫేడ్రా రికార్డు చేస్తుండగా ఆసిలేటర్లు వేడెక్కి శ్రుతి జారడం మొదలైంది. వాళ్ళు దాన్ని కొట్టివేయకుండా పాటలో ఉంచేశారు. పాట ముందుకు పోయేకొద్దీ నేల కుంగుతున్నట్టు తోచే ఆ భాగంలో కొంత మనుషుల ప్రతిభ, కొంత ట్రాన్సిస్టర్ల వేడి. తంబురా శ్రుతి జారితే మన గాయకులు కచేరీ ఆపి బిగించుకుంటారు. వీళ్ళు జారుతున్న శ్రుతి మీదనే నిలబడ్డారు.

ప్రసంగవశాత్తు ఒక మాట. ఈ మూగ్ యంత్రం మన దేశానికి తెలియనిది కాదు. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్‌ను నెలకొల్పాడు. మనవాళ్ళు దానిమీద చేసిన ప్రయోగాల టేపులు అర్ధ శతాబ్దం బీరువాలో ఉండి, 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. ఫేడ్రా పుట్టడానికి నాలుగేళ్ళ ముందే సబర్మతి ఒడ్డున ఆ ధ్వని మోగిందన్నమాట. దాని గురించి వేరే వ్యాసమే రాయాలి.

ఫేడ్రా తర్వాత బృందానికి ఊపిరాడనంత పని. 1975లో 'రూబికాన్', అదే ఏడు 'రికొషే'. 1977లో 'సార్సరర్' సినిమాకు సంగీతం, 1981లో 'థీఫ్' సినిమాకు. 1980 జనవరిలో గోడకు అవతల తూర్పు బెర్లిన్‌లో కచేరీ. 1985లో 'స్ట్రీట్ హాక్' అనే టెలివిజన్ సీరియల్‌కు టైటిల్ సంగీతం. అంటే టెలివిజన్ పని ఫ్రాంకెకు బృందంలో ఉండగానే అలవాటైంది. 1987లో ఆయన బయటికి వచ్చేశాడు. తీరికలేని పని మధ్య చేసినదే మళ్ళీ చేస్తున్నామేమోనన్న శంక ఆయనకు పట్టుకుంది. బృందం ఆగలేదు, ఫ్రోజె 2015లో చనిపోయేదాకా దాన్ని నడిపాడు, ఆ తర్వాతా నడుస్తోంది. పేరు అక్కడే ఉండిపోవడం వల్ల, ఆ సీక్వెన్సర్ వెనుక చెయ్యి ఎవరిదో చాలామందికి గుర్తులేదు.

ఇప్పుడు సొంత ఆల్బమ్‌ల సంగతి. మన హాస్టల్ సిద్ధాంతం నిజమైతే, తలమీద ఎవరూ లేని ఈ కాలంలోనే ఫ్రాంకె అత్యుత్తమ సంగీతం రావాలి. 1991లో మొదటిది, 'పసిఫిక్ కోస్ట్ హైవే'. ఆయన మకాం లాస్ ఏంజెలెస్‌కు మారింది, పేరులోని రోడ్డు కాలిఫోర్నియా సముద్రతీరాన పోయేదే. శుభ్రంగా, తియ్యగా, ఎక్కడా గరుకు లేకుండా ఉంటుంది. మూడుసార్లు విన్నాను. మూడోసారి వింటూ రికార్డు పుస్తకంలో పటాలు వేసుకున్నాను, ఒక్కచోటా పెన్సిల్ ఆగలేదు. 1996లో జేమ్స్ రెడ్‌ఫీల్డ్ నవల ఆధారంగా చేసిన 'ది సెలెస్టీన్ ప్రాఫెసీ' కూడా దాదాపు ఇదే దారి. 1993లో వచ్చిన 'క్లెమేనియా' మాత్రం వేరు. అందులో పాటలు మళ్ళీ పొడుగైనాయి, సీక్వెన్సర్ తిరిగి నడక మొదలుపెట్టింది. సొంత ఆల్బమ్‌లలో నేను మళ్ళీ మళ్ళీ వినేది అదొక్కటే. ఇందులో నాకు తోచిన విశేషం, సొంత ఆల్బమ్‌లలో బాగున్నది కూడా ఆయన తనకు తాను కట్టుబాటు పెట్టుకున్నదే. దారి పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు ఆయన తీపి వైపు జారిపోతాడు.

ఇక ఆ 'కూలి' పని. బాబిలోన్ 5 మొదటి పరిచయ చిత్రానికి 1993లో స్టీవర్ట్ కోప్‌లండ్ సంగీతం ఇచ్చాడు. ఆయనా డ్రమ్స్ వాడే కావడం చిత్రం. సీరియల్ మొదలయ్యాక బాధ్యత ఫ్రాంకె మీద పడింది. మొత్తం ఐదేళ్ళు, 110 భాగాలు. ఒక్కో భాగం సుమారు 44 నిమిషాలు, చాలా భాగాల్లో సగానికి దగ్గరగా సంగీతం ఉంటుంది, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. ఆయన 1991లో స్థాపించిన బెర్లిన్ సింఫొనిక్ ఫిల్మ్ ఆర్కెస్ట్రా తీగల ధ్వని, తన సింథసైజర్లు రెండూ అందులో కలిసిపోతాయి. కథ రాసిన మైకేల్ స్ట్రజిన్‌స్కీ దాన్ని ఐదేళ్ళ నవలగా ముందే ఊహించుకున్నాడు. 110లో 92 భాగాలు తానే రాశాడు. అందుచేత సంగీతం కూడా ఏడాదికేడాది మారవలసి వచ్చింది. మొదటి రెండేళ్ళ టైటిల్ సంగీతాలకు పోలిక ఎక్కువ. మూడో ఏడు యుద్ధం ముదిరేసరికి అది బరువెక్కి, నెమ్మదించి, శవయాత్ర నడకలోకి దిగుతుంది. ఐదో ఏటికి మళ్ళీ వేరే ముఖం.

వరుసగా వింటే తెలుస్తుంది, ఇది పాత ఎనిమిది మెట్ల యంత్రమే. ఒక చిన్న స్వరగుచ్ఛం తిరుగుతూ ఉంటుంది, దాని నాబ్ తిప్పుతున్నది మాత్రం కథ. ఫేడ్రాలో 17 నిమిషాల్లో జరిగిన మార్పు ఇక్కడ ఐదేళ్ళలో జరిగింది. సంభాషణ వచ్చినప్పుడు సంగీతం తలవంచి పక్కకు తప్పుకోవాలి, మనిషి చనిపోయినప్పుడు ముందుకు రావాలి, తర్వాతి భాగం గడువు ఆగదు. ఇన్ని అడ్డుకట్టల మధ్య ఆయన చెయ్యి పాత చురుకు తెచ్చుకుంది. అన్ని భాగాలూ సమానంగా ఉన్నాయని అనను. మొదటి ఏడు కొన్నిచోట్ల సింథసైజరు తగరపు డబ్బాలాగే మోగుతుంది. కానీ బావున్నచోట, పసిఫిక్ కోస్ట్ హైవే మొత్తం ఇచ్చి ఆ రెండు నిమిషాలు తెచ్చుకోవచ్చు.

నా మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు. అతని ఆక్షేపణలో బలముంది: గడువు పెట్టిన ప్రతివాడూ ఫ్రాంకె కాడు కదా, గడువు కింద నలిగిపోయినవాళ్ళ రికార్డులు మన చెవిదాకా రావు కదా అంటాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. 1987లో ఫ్రాంకె బృందం వదిలిందీ పని ఒత్తిడి మధ్యనే. ఒకే మనిషిని ఒకచోట అలసటకు తెచ్చిన గడువు ఇంకోచోట ఎలా నిలబెట్టిందో ఆలోచిస్తున్నాను. బృందంలో తన పని తానే మళ్ళీ చేసుకోవలసి రావడం, సీరియల్లో ముందుకు నడిచే కథ ఒకటి తోడుండడం దీనికి కారణం కాబోలు.

వినదలచినవారు సొంత ఆల్బమ్‌లతో మొదలుపెట్టవద్దని మనవి. రికొషే రెండో భాగం ముందు వినండి; పియానోతో మొదలై, కాసేపటికి సీక్వెన్సర్ నడక అందుకుంటుంది. తర్వాత ఫేడ్రా, ఆ తర్వాత బాబిలోన్ 5 మూడో ఏడు, చివర క్లెమేనియా. ఫోను స్పీకరులో వద్దు, కింది స్వరాలు దాంట్లో అసలు పలకవు. పెద్ద ఇయర్‌ఫోన్లు మా వరండాలో ఒక్కరి దగ్గరే ఉన్నాయి. రాత్రి తొమ్మిది తర్వాత అడిగితే ఇస్తాడు, ప్రాక్టికల్స్ లేని రోజు చూసుకుని రండి.