మూగబోయిన చానలు

శంషాబాదు ఒకప్పుడు హైదరాబాదునుండి దక్షిణమునకు పోవు బాటమీది చిన్న ఊరు. 2008 మార్చిలో అచట రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము తెరువబడి, బేగంపేటకు వచ్చు ప్రయాణికుల విమానములు ఇటు మరలిన పిమ్మట దాని రూపే మారిపోయినది. బెంగుళూరు రహదారి వెంబడి పెండ్లి మంటపములు వెలసినవి. ముహూర్తపు దినములలో పగలు సన్నాయి, డోలు మ్రోగిన వేదికలపైననే సాయంకాలము గిటారు, కీబోర్డు, డ్రమ్ములు మ్రోగుచుండును.

అట్టి మంటపమున ఒక సాయంకాలమును ఊహింపుడు. అతిథులు వచ్చుటకు గంట మాత్రమే వ్యవధి. గిటారు వాద్యకుని ఆంప్లిఫయరులో రెండు చానళ్లున్నవి. ఒకటి మృదువైన స్వరమునకు, రెండవది కరకుగా గర్జించు స్వరమునకు. మొదటిది చక్కగా పలుకుచున్నది, రెండవది మూగబోయినది. ఒకడు "పెట్టె చెడిపోయినది, వేరొకటి తెండు" అనును. ఇంకొకడు దాని నెత్తిన రెండు దెబ్బలు వేయును. మూడవవాడు ఉన్న నాబులన్నియు ఒక్కమారే త్రిప్పివేయును. నాలుగవవాడు మాత్రము దేనిని ముట్టక, పలుకుచున్న చానలును మరియొకసారి శ్రద్ధగా వినును. దోషమును పట్టుకొనగలవాడు అతడే.

అతడు వినునదేమి? యంత్రపు నిర్మాణము కొంత తెలిసినగాని ఇది బోధపడదు. విద్యుత్ గిటారుపై ఉక్కుతంతి కంపించినపుడు, దాని క్రిందనున్న అయస్కాంతము చుట్టిన తీగలో అతి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరులోని తొలి అంగము దానిని పెంచి తీర్చిదిద్దును; మలి అంగము దానికి బలమిచ్చి స్పీకరును కదలించును. సాధారణముగా గిటారు, విద్యుత్ సరఫరా, మలి అంగము, స్పీకరు రెండు చానళ్లకును ఉమ్మడి. చానళ్లు వేరుపడునది నడిమి భాగముననే. ఒక ఏరు రెండు కాలువలుగా చీలి, అవి మరల ఒకే చెరువున కలిసినట్లన్నమాట. ఒక కాలువలో నీరు పారుచున్నదన్న, ఏటిలో నీరున్నదనియు, చెరువునకు దారి తెరచియే యున్నదనియు తేలినట్లే. ఇక వెదకవలసినది ఎండిన కాలువలోనే. పలుకుచున్న చానలే పలుకని చానలునకు సాక్షి.

ఈ పెట్టె పాశ్చాత్య వినోదమునకే పనికివచ్చునని తలపరాదు. 1969లో పాలకొల్లున జన్మించి 2014లో అస్తమించిన యు. శ్రీనివాస్, విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును పలికించి లోకమును మెప్పించెను. మామూలు మాండొలిన్ నాదము మీటిన వెంటనే అణగిపోవును. గమకము నిలువవలెనన్న నాదము నిలువవలెను. ఆ నిలుకడను ఇచ్చినది విద్యుత్తే. అట్టి వాద్యమునకు ఆంప్లిఫయరు సగము శరీరము.

నాలుగవవాని విచారణ మార్గము మనకు క్రొత్తది కాదు. కారణమున్నచో కార్యముండుట అన్వయము; అది లేనిచో ఇది లేకుండుట వ్యతిరేకము. 17వ శతాబ్దమున తర్కసంగ్రహమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని ప్రసిద్ధి. సంస్కృత విద్యార్థులు తర్కములో తొలుత చదువు ఆ చిన్న పొత్తము గిటారును ఎరుగదు. అయినను మంటపములో జరుగునది దాని పాఠమే. కాలితో నొక్కి చానలు మార్చు స్విచ్చును అతడు ముందుగా ఊడదీసి, పెట్టెమీది స్విచ్చుతో మార్చి చూచును. చానలు పలికెనా, దోషము కాలిస్విచ్చుదో దాని తీగదో. పలుకలేదా, అనుమానము వాటినుండి తొలగును. పిదప ఆ చానలునకే చెందిన నాబులను ఒక్కొక్కటిగా త్రిప్పును. బరబరమను ధ్వని వచ్చిన, లోపల ధూళి చేరియుండవచ్చును.

వాల్వుల ఆంప్లిఫయరైనచో మరియొక పరీక్ష కలదు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు రూపొందించిన ట్రయోడు సంతతివి ఈ వాల్వులు. 1947లో ట్రాన్సిస్టరు పుట్టి, కాలక్రమమున రేడియోలనుండి వీనిని వెడలగొట్టినను, గిటారు వాద్యకులు మాత్రము విడువలేదు. యంత్రమును ఆపి, చల్లారిన పిదప, ఒకే రకపు రెండు వాల్వులను తారుమారు చేయుదురు. మౌనము వాల్వుతోబాటు కదలిన, దోషి వాల్వే. కదలనిచో దోషము ఆ స్థానములోని ఇతర భాగములది. ఇందొక చమత్కారమున్నది. 12ఏఎక్స్7 అను వాల్వునకు గాజుబుడ్డి ఒకటే గాని, లోపల ట్రయోడులు రెండు. ఒక సగము మరణించి రెండవది బ్రతికియుండవచ్చును. కావున "వెలుగుచున్నది కనుక మంచిదే" అను వాదము నిలువదు.

ఒక్కమారు ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసిన, స్వరము రావచ్చును గాని జ్ఞానము రాదు. తార్కికులు చెప్పిన హేత్వాభాసములలో సవ్యభిచారమొకటి. దారితప్పు హేతువని దాని భావము. నాబు త్రిప్పగా స్వరము వచ్చెను గనుక దోషము నాబుదే యనుట అట్టిది. త్రిప్పిన కుదుపునకు వేరెక్కడనో వదులైన సోల్డరు అతుకు క్షణకాలము అంటియుండవచ్చును. నెత్తిన కొట్టినవాని విజయము కూడ ఇంతే. ఆట నడుమ మరల మౌనమే.

ఇచట విద్యార్థులకొక హెచ్చరిక. పెట్టె వెలుపలి పరీక్షలు ఎవరైనను చేయవచ్చును. లోపలివి నేర్చినవానికే తగును. వాల్వుల యంత్రములోని కెపాసిటర్లు ప్లగ్గు ఊడదీసిన తరువాతను వందల వోల్టులను దాచియుండగలవు. అవి ప్రాణాంతకములు. తన యెరుక ఎచట ముగియునో తెలిసికొనుటయు విచారణలో భాగమే.

ఆ మంటపములపైగా ఎగురు విమానములకును ఈ న్యాయమే వర్తించును. రెండు ప్రక్కల ఒకే విధమైన పరికరములున్నపుడు, ఎడమదానిని కుడికి మార్చి, దోషము వెంట వెళ్లినదా, ఉన్నచోటనే నిలిచినదా యని చూచుట విమానముల మరమ్మతులో వాడుకయే.

తరగతి గదిలో మాత్రము మనము తరచు మొదటివాని తీర్పునే చెప్పుచుందుము. లెక్క తప్పిన బాలుని చూచి "వీనికి బుద్ధి లేదు" అందుము. ఆ లెక్కనే నోట అడిగినపుడు వాడు సరిగా చెప్పెనేని, గణితము మూగబోలేదు. చదివి గ్రహించుటలో ఎచటనో అతుకు వదలినది. పెట్టె చెడినదని పారవేయుటకు ముందు, అందులో ఏది పలుకుచున్నదో వినవలెను.