పై దవడలోని గాలి గది: పన్ను నాటించుకొనుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

నములు పండ్లు ఊడిపోయినవారికి కట్టుడు పండ్లే గతియను కాలము మారినది. టైటానియమను లోహముతో చేసిన చిన్న మరమేకును దవడ ఎముకలో నాటి, దానిపై పన్ను అమర్చు చికిత్స ఇప్పుడు చిన్న పట్టణములలో కూడ లభించుచున్నది. దీనిని ఇంప్లాంటు అందురు. ఎముక ఈ లోహమును గట్టిగా పట్టుకొనునని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ 1952 ప్రాంతమున కుందేళ్లపై పరిశోధించుచు గమనించెను. 1965 లో మొదటిసారిగా ఒక రోగికి ఇట్టి దంతములను అమర్చెను.

అయితే పై దవడలో వెనుక పండ్లను నాటుట చిక్కుతో కూడిన పని. అందుకు కారణమేమో, రోగి ముందుగా తెలిసికొనవలసినదేమో ఇచట వివరించుచున్నాము.

ఎముకలోని గాలి గది

కంటికి దిగువను, పై పండ్ల వేళ్లకు ఎగువను, ముక్కునకు ఇరువైపుల ఎముకలో ఒక్కొక్క గాలి గది కలదు. దీని పేరు మాక్సిలరీ సైనస్. ఇంగ్లండు దేశపు వైద్యుడు హైమోరు 1651 లో దీనిని వర్ణించెను. గది లోపల సుమారు ఒక మిల్లీమీటరు మందము గల సున్నితమైన పొర కప్పి యుండును. ఈ పొరలో ఊరు చీమిడి ముక్కులోనికి పోవు ద్వారము గదికి పైభాగమున ఉన్నది. కావున చీమిడి తనంతట తాను దిగిపోదు. పొరపై గల సూక్ష్మమైన నూగు దానిని పైకి నెట్టుచుండవలెను. పొర చెడి, ద్వారము మూసికొనిపోయినచో లోపల చీము పట్టవచ్చును.

ఒకరి వలె మరొకరికి ఉండదు

ప్రక్క ప్రక్క చేలలో బావులు త్రవ్వినను ఒకచోట పది అడుగులకే రాయి తగులును. మరొకచోట ముప్పది అడుగుల వరకు మన్నే వచ్చును. ఈ గదియు అట్టిదే. ఒకే మనిషికి కుడి ఎడమలకు కూడ భేదముండవచ్చును. ఆ భేదములలో ముఖ్యమైనవి ఇవి:

1. ఎముక మందము: పన్ను తీసివేసిన పిదప అచటి ఎముక క్రిందినుండి అరుగును, పైనుండి గది క్రమముగా దిగివచ్చును. కొందరికి పది మిల్లీమీటర్లకు మించి ఎముక మిగిలియుండగా, కొందరికి రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఉండును.

2. అడ్డుగట్లు: మడి నడుమ గట్టు వలె కొందరికి గది అడుగున ఎముక గట్లు లేచియుండును. సుమారు నాలుగింట ఒకటి మొదలు మూడింట ఒకటి వరకు గదులలో ఇవి కనిపించుచున్నవి. పొరను ఎత్తునప్పుడు ఈ గట్టు వద్ద అది చిరుగుట సులభము.

3. రక్తనాళము: గది ప్రక్కగోడలో ఒక ధమని పోవుచుండును. దాని ఎత్తును, లావును మనిషి మనిషికి మారును. తెలియక కోసినచో రక్తస్రావము ఎక్కువగును.

4. పొర వాపు: పుచ్చిన పంటి చీము వలనను, జలుబు వ్యాధుల వలనను పొర ఉబ్బియుండవచ్చును. వైద్యుడు అవసరమన్నచో దానికి ముందుగా చికిత్స జరుగవలెను.

ముందు చూపు

ఇవేవియు నోటిలోనికి చూచినంత మాత్రమున తెలియవు. మామూలు ఎక్స్‌రే చదునైన నీడ బొమ్మ. అందులో లోతును, వెడల్పును కొలుచుట కష్టము. కోన్ బీమ్ సీటీ స్కాను అన్ని వైపుల నుండి కొలతలను చూపును. చూడక నాటిన మరమేకు గదిలోనికి జారిపోవచ్చును. దానిని వెలికితీయుటకు మరల శస్త్రచికిత్స చేయవలసివచ్చును. స్కానునకగు ఖర్చు దానికంటె తక్కువ.

ఎముక చాలనివారికి పొరను మెల్లగా పైకెత్తి, క్రింద ఎముక పొడిని నింపు పద్ధతి కలదు. అది గట్టిపడుటకు కొన్ని నెలలు ఓపిక పట్టవలెను. ఆ పొడి రోగి ఎముకనుండియో, మరొక మనిషి లేక పశువుల ఎముకనుండియో తీసినది కావచ్చును. కృత్రిమముగా చేసినదియు కావచ్చును. అభ్యంతరమున్నవారు ముందే అడుగవలెను. కొందరికి పొట్టి మరమేకు చాలును. మరికొందరికి కట్టుడు పండ్లే మేలు. అందులో చిన్నతనమేమియు లేదు.

అడుగవలసిన ప్రశ్నలు

నా ఎముక ఎన్ని మిల్లీమీటర్లున్నది? గదిలో గట్లున్నవా? పొర ఆరోగ్యముగా నున్నదా? ఎముక నింపవలెనా, ఎన్ని నెలలు పట్టును, మొత్తము ఎంత ఖర్చగును? ఈ ప్రశ్నలు వేయుట వైద్యుని శంకించుట కాదు. మధుమేహము, రక్తము పలుచనగుటకు వాడు మందులు, చుట్ట బీడీల అలవాటు ఉన్నచో దాచక చెప్పవలెను. పొగ త్రాగుట వలన నాటిన పన్ను నిలువక పోవు ప్రమాదము హెచ్చును.

పొరను ఎత్తినవారు వైద్యుడు చెప్పిన కాలము వరకు ముక్కు గట్టిగా చీదరాదు. తుమ్ము వచ్చినచో నోరు తెరచి తుమ్మవలెను. త్రాగిన నీరు ముక్కులోనికి వచ్చినను, ముక్కునుండి చెడు వాసన గల చీము కారినను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. సందేహమున్నవారు హైదరాబాదు, విజయవాడలలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల ఆసుపత్రులలో మరొక సలహా పొందవచ్చును. పోయిన పన్ను కొన్ని నెలలు ఆలస్యముగా వచ్చినను నష్టము లేదు. కొలత చూడక తొందరపడుటయే నష్టము.