ఏ నెలలో ఎక్కాలి ఏడుకొండలు?

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకు చుట్టాలెక్కువ. హైదరాబాదులో ఉన్న పిన్ని కొడుకు, బెంగళూరులో స్థిరపడ్డ పాత సహోద్యోగి, ఎప్పుడో ఒక పెళ్లిలో పలకరించిన వియ్యాలవారి తమ్ముడు, ఏడాదికోసారైనా అందరూ ఫోన్ చేస్తారు. క్షేమ సమాచారాలు అర నిమిషంలో తేలిపోతాయి. ఆ వెంటనే అసలు సంగతి వస్తుంది: "కొండమీద రష్ ఎట్లుంది? ఎప్పుడొస్తే బాగుంటుంది?"

"ఎప్పుడైనా రండి, స్వామి ఎక్కడికి పోతాడు" అనడం మర్యాద. కానీ అడిగినవాడు చంటిబిడ్డతోనో, మోకాళ్ల నొప్పులున్న తల్లితోనో వస్తున్నాడంటే మర్యాద పక్కనపెట్టి నిజం చెప్పాలి. ఎండావానలు చూసుకుని తేదీ ఖాయం చేసుకోవడం ఊటీకి పోయేవాళ్ల పద్ధతి. తిరుమలకు ఆ పద్ధతి సగమే పనికొస్తుంది. మిగతా సగం పంచాంగం చేతిలో, అంతకంటే ఎక్కువగా బడి సెలవుల చేతిలో ఉంటుంది. కొండ మీద వాతావరణం బాగున్న రోజూ, దర్శనం హాయిగా అయ్యే రోజూ ఒకటే కావడం అరుదు.

ఎండాకాలమే తీసుకోండి. తిరుమల సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంది. కింద తిరుపతిలో పాదరసం 42 దాటిన మధ్యాహ్నాల్లో కూడా పైన సాయంత్రమయ్యేసరికి చల్లగాలి తిరుగుతుంది. ఆ మాట నిజమే. అయితే అది తెలిసింది మనకొక్కరికే కాదు. పరీక్షలు అయిపోయి ఉంటాయి, ఫలితాలు వచ్చి ఉంటాయి, పాసైతే వస్తామని మొక్కుకున్నవాళ్లు, కొత్తగా పెళ్లయినవాళ్లు, పుట్టువెంట్రుకలు తీయించాల్సిన పసివాళ్లు, అందరూ మే నెలలోనే బయలుదేరతారు. మామూలు రోజుల్లో 60, 70 వేల మంది దర్శనం చేసుకునే గుడిలో ఆ లెక్క 80 వేలు దాటిపోతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు నిండి, నారాయణగిరి షెడ్లు నిండి, వరస శిలాతోరణం దాకా సాగిందని మర్నాడు పేపర్లో చదువుతాం. ఆ వరసలో కూర్చున్న మనిషికి బయట గాలి చల్లగా వీస్తే ఏమి, వేడిగా వీస్తే ఏమి?

పైగా మాడవీధుల్లో చెప్పులుండవు. మే నెల పట్టపగలు ఆ రాతినేల మీద కాలు పెడితే తెలుస్తుంది. తితిదే వాళ్లు తెల్లటి కూల్ పెయింట్ చారలు వేస్తారు, తివాచీలు పరుస్తారు, నీళ్లు చల్లిస్తారు. అయినా ఆ తెల్ల చార మీది నుంచి పక్కకు జరిగిన పాదం ఒక్క క్షణం నిలవదు. ముందు నడుస్తున్న పెద్దాయన పంచె పైకెత్తి రెండడుగులు గబగబా వేసి, మళ్లీ తెల్లచార దొరకగానే నెమ్మదించడం, వెనకాల ఇంటిల్లిపాదీ అదే తాళంలో నడవడం వేసవిలో రోజూ కనిపించేదే.

నీళ్ల సంగతి చాలామంది యాత్రికులు ఆలోచించరు. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార, ఈ అయిదు జలాశయాలూ, కింద చంద్రగిరి వైపు ఉన్న కల్యాణి డ్యామూ కలిసి కొండకు నీళ్లిస్తాయి. అన్నదానం వండాలన్నా, కల్యాణకట్టలో గుండు చేయించుకున్నవాళ్లు స్నానం చేయాలన్నా ఆ నీళ్లే. 2024 ఆగస్టులో నిల్వలు అడుగంటి, ఉన్నవి మరో నాలుగు నెలలకు మించి రావని దేవస్థానమే ప్రకటించి, పొదుపుగా వాడమని కోరింది. వేసవి యాత్రికుడు వాడి వెళ్లిపోయిన నీటి లెక్క ఆగస్టులో ఇలా బయటపడుతుంది.

ఎండాకాలానికి ఒక్కటే సిఫారసు చేస్తాను, అది దైవ సంబంధం కాదు. జూన్‌లో వచ్చినవాళ్లు తిరుగు ప్రయాణంలో చిత్తూరు దారి పట్టి దామలచెరువులో ఆగండి. మామిడి మండీ అంటే ఏమిటో అక్కడ చూడాలి. 

పెరటాసి శనివారాలు

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా తమిళులకు పెరటాసి మాసం. వాళ్లకది వేంకటేశ్వరుడి నెల. ఆ నెలలో శనివారాలు తిరుమలలో తమిళం తప్ప మరో మాట వినపడదంటే పెద్ద అతిశయోక్తి కాదు. తెలుగు పంచాంగం మాత్రమే చూసుకుని, "దసరా సెలవులు ఇంకా రాలేదు కదా, ఖాళీగా ఉంటుంది" అనుకుని వచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. 

దాదాపు ఆ రోజుల్లోనే బ్రహ్మోత్సవాలు. అధికమాసం వచ్చిన ఏడు రెండుసార్లు జరుగుతాయి, 2023లో సెప్టెంబరులో సాలకట్ల, అక్టోబరులో నవరాత్రి బ్రహ్మోత్సవాలు అలాగే జరిగాయి. అయిదో రోజు రాత్రి గరుడసేవ. దానికోసం పొద్దున్నుంచే మాడవీధి గ్యాలరీల్లో చోటు పట్టుకుని, పెట్టిన పులిహోర అక్కడే తిని, రాత్రి దాకా కదలకుండా కూర్చునేవాళ్లను చూస్తే, వీళ్లను సీజన్ గురించి అడగడమే తప్పనిపిస్తుంది. వాహనసేవ చూడాలంటే ఆ తొమ్మిది రోజులకు సాటి లేదు. మూలవిరాట్టును కాసేపు నిలబడి చూడాలనుకునేవాళ్లు మాత్రం ఆ వారం ఇంట్లో టీవీ ముందు కూర్చోవడమే మేలు. ఈ రెండు కోరికలనూ ఒకే ప్రయాణంలో కలిపి ఇరకాటంలో పడేవాళ్లే ఎక్కువ.

వానను తిట్టకండి

రాష్ట్రంలో చాలా జిల్లాలు దసరాకు గొడుగులు మడిచి అటకెక్కిస్తే, మేం అప్పుడు దులిపి తీస్తాం. తిరుపతి, నెల్లూరు ప్రాంతాలకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాలదే పెద్ద చేయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం పుడితే చాలు, ఆ మబ్బులు తీరం దాటి వచ్చి శేషాచలానికి తగులుకుంటాయి. ముసురు పట్టిందంటే మూడు రోజులు వదలదు.

ఈ కాలంలో వద్దని యాత్రా కరదీపికలన్నీ చెబుతాయి. ఊరికే చెప్పవు. 2021 నవంబరు 18న కురిసిన వాన ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. తిరుపతి వీధులు ఏరులయ్యాయి, ఘాట్ రోడ్లు, కాలినడక దారులు మూతపడ్డాయి. శ్రీనివాసమంగాపురం వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, బాగుచేసి తెరిచేసరికి 2022 మే వచ్చింది. ఆ వాన తగ్గిన తర్వాత కూడా, డిసెంబరు 1న, ఎక్కే ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు విరిగిపడ్డాయి. నానిన కొండ వాన ఆగిన రోజే గట్టిపడదు, నాలుగు రోజుల తర్వాత కూడా జారుతుంది. తుపాను హెచ్చరిక ఉన్నప్పుడు టికెట్టు పోతుందని మొండికేసి బయలుదేరడం తగదు.

అయినా నా ఓటు ఈ కాలానికే పడుతుంది, ఫిబ్రవరి తర్వాత.

ఎందుకంటే కొండ కొండలా కనిపించేది ఇప్పుడే. మిగతా ఏడాదంతా ఎండిన చారలా ఉండే మాల్వాడి గుండం జలపాతం ఒక్కసారిగా తెల్లగా దూకుతుంది. కపిలతీర్థంలో జలపాతం హోరు రోడ్డు మీదికి వినపడుతుంది. ఊళ్లోవాళ్లం పనిగట్టుకుని స్కూటర్లు ఆపి చూస్తాం. చూసి చూసి విసిగిన వస్తువు కాదది, ఏడాదికోసారి దొరికేది. యాత్రికులు తగ్గుతారు కాబట్టి పైన వరసలూ పలచబడతాయి.

అలిపిరి నుంచి 3,550 మెట్లు. దారిలో చాలా దూరం పైకప్పు ఉంది కనుక జల్లులో నడవడం కష్టం కాదు. మొక్కున్న ఆడవాళ్లు మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కుతారు. కప్పు లేని చోట ముసురుకు ఆ పసుపు కరిగి కింది మెట్టు మీదికి కారుతుంది, కుంకుమ దాన్లో సన్నటి ఎర్ర దారంలా కలుస్తుంది. వెనక వచ్చేవాళ్లు దాన్ని తొక్కకుండా పక్కకు తప్పుకుని ఎక్కుతారు. గాలిగోపురం దగ్గర టీ అమ్మే ఒకాయన్ని వానలో వ్యాపారం ఎట్లా ఉంటుందని అడిగాను. "జనం తక్కువే సార్, కానీ వచ్చినోళ్లు రెండు టీలు తాగుతారు" అన్నాడు. 

ఈ జల్లు ఇబ్బందే. కానీ మే నెలలో వచ్చే లక్షల మందికి కుళాయిలో నీళ్లు రావాలంటే నవంబరులో ఆ అయిదు జలాశయాలూ నిండాలి. అవి నిండని ఏడు ఆగస్టులో ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

చలి, మంచు, ఆ పది రోజులు

డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. నెల రోజులు తెల్లవారుజామున సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. ఘాట్ రోడ్డు మీద మంచు దిగి ముందున్న బస్సు వెనక లైట్లు తప్ప ఏమీ కనపడదు. చలికి అలవాటు లేని కోస్తావాళ్లు కొండమీద దిగీదిగగానే మంకీ క్యాపులు కొంటారు. 

ఈ నెలలో వైకుంఠ ఏకాదశి ఉంది. ఇదివరకు ఏకాదశి, ద్వాదశి రెండు రోజులే తెరిచే వైకుంఠ ద్వారాన్ని 2020 డిసెంబరు నుంచి పది రోజులు తెరుస్తున్నారు. రద్దీ పది రోజులకు పలచబడాలన్నది ఉద్దేశం. జనం మాత్రం మొదటి రోజే కావాలంటారు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో ఆ టోకెన్ల కోసం గుమిగూడిన చోట తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వాళ్లు కొండ ఎక్కనే లేదు. పుణ్యమంతా ఆ ఒక్క ద్వారంలో, ఆ ఒక్క తిథిలో ఉందని నమ్మేవాళ్లతో నేను వాదించలేను. కానీ పిల్లలతో, ముసలివాళ్లతో వస్తామని ఫోన్ చేసేవాళ్లకు మాత్రం ఆ పది రోజులూ వద్దనే చెబుతాను, చెప్పి తిట్టు తింటాను.

ఫిబ్రవరి

సంక్రాంతి సెలవులు ముగుస్తాయి. రథసప్తమి నాడు ఒక్కరోజే ఏడు వాహనాల మీద స్వామి ఊరేగుతాడు, ఆ ఒక్కరోజు జనం పోటెత్తి మర్నాటికి తగ్గుతారు. ఆ తర్వాత పిల్లలున్న ప్రతి ఇంట్లో పరీక్షల భయం. ఎవరికీ కొండకు రావడానికి ప్రత్యేకమైన కారణం ఉండదు. అందుకే ఇది మంచి కాలం. వాన లేదు, ఎండ ముదరలేదు, నడకదారిలో మధ్యాహ్నం కూడా ఎక్కొచ్చు. అడవి ఆకు రాలుస్తుంటుంది కనుక పచ్చదనం తక్కువే, ఒప్పుకుంటాను. మార్చి వచ్చేసరికి ఆ రాలిన ఆకే ప్రమాదం. 2014 మార్చిలో శేషాచలంలో అంటుకున్న మంటలను ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఫాల్గుణ పౌర్ణమితో ముగిసే అయిదు సాయంత్రాల తెప్పోత్సవం చూడాలనుకుంటే మాత్రం ఇంకాస్త ఆగి రావచ్చు.

శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి కొండెక్కింది కూడా ఫిబ్రవరిలోనే, 1513లో, పదో తేదీన. రష్ చూసుకుని వచ్చాడని కాదు లెండి. మరుసటి ఏడు ఉదయగిరి కోట గెలిచి జులైలో వచ్చాడు. యుద్ధం తెమిలినప్పుడు వచ్చేవాడికి సీజన్‌తో పనిలేదు.

జులై కూడా మరీ తీసిపారేసేది కాదు. బడులు తెరిచి ఉంటాయి, పెళ్లిళ్లు లేని ఆషాఢం వస్తుంది. నెల మధ్యలో ఆణివార ఆస్థానం జరుగుతుంది. పూర్వం గుడి లెక్కల కొత్త సంవత్సరం ఆ రోజే మొదలయ్యేది. శ్రీరంగం నుంచి పట్టువస్త్రాలు వస్తాయి.

నెల కుదిరాక వారం చూసుకోవాలి. శుక్రవారం నుంచి సోమవారం దాకా వదిలేయండి. మంగళ, బుధ, గురువారాల్లో గురువారానిది వేరే అందం. ఆరోజు ఉదయం నగలు సడలించి, వెడల్పాటి నామాన్ని తగ్గిస్తారు, స్వామి కళ్లు కనిపిస్తాయి. సాయంత్రం పూలంగి సేవలో ఒళ్లంతా పూలే. నడిచి వచ్చేవాళ్లు పొద్దున్నే మొదలుపెట్టండి. 2023లో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక పసిపిల్ల బలైన దగ్గర్నుంచి, పిల్లలతో ఎక్కేవాళ్లకు మధ్యాహ్నం తర్వాత ఆంక్షలు పెట్టారు. బయలుదేరే ముందు ఆనాటి వేళలు కనుక్కోవడం మంచిది.

టికెట్ల విషయం ఒకటి మిగిలింది. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మూడు నెలల ముందు, నెల 24న ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్లో పెడతారు, గదుల కోటా ఆ మధ్యాహ్నం 3 గంటలకు. ఫిబ్రవరి కావాలంటే నవంబరు 24న ఫోను పట్టుకుని కూర్చోవాలి. తిరుపతిలో ఆ రోజుల్లో కరెంటు ఉంటుందో ఉండదో, మీరు మీ ఊళ్లోనే బుక్ చేసుకోండి.