పశువుల కొట్టములో సున్నము - వాడు విధానము, జాగ్రత్తలు

వర్షకాలము వచ్చినదన్న పశువుల కొట్టములలోను, గుర్రపు సాలలలోను నేల చిత్తడియై మూత్రపు ఘాటు కండ్లను మండించును. అప్పుడు చాలమంది రైతులు గంపెడు సున్నము తెచ్చి నేలపై చల్లుదురు. సున్నము మంచిదే. కాని ఏ సున్నము, ఎప్పుడు, ఎక్కడ అను సంగతులు తెలియక చల్లినచో పశువు చర్మము బొబ్బలెక్కును, మనిషి కన్ను పోవును, ఎరువు బలము గాలిలో కలియును.

సున్నము మూడు విధములు

బట్టీ నుండి వచ్చు గడ్డలు పొడిసున్నము. దీనికి నీరు తగిలినచో బుసబుస పొంగి, నీటిని మరిగించునంత వేడి పుట్టును. నీటిలో విరిసినది తడిసున్నము. దీనికి వేడి లేకున్నను ఘాటు పోదు. చెమట పట్టిన చర్మమును, కంటిని తినివేయును. కాల్చని సున్నపురాయిని దంచిన పొడి మూడవది. ఇది ఒంటిని కాల్చదు. అయితే రోగక్రిములను చంపు శక్తియు దీనికి లేదు.

కనుక గోడలకు, ఖాళీ చేసిన కొట్టమునకు తడిసున్నము. పశువు పడుకొను నేలకు, పైన గడ్డి పరచుటకు ముందు, పలుచగా రాతిపొడి వాడవలెను. పొడిసున్నమును నేరుగా ఎక్కడను చల్లరాదు.

ఘాటు తగ్గదు, పెరుగును

మూత్రములోని యూరియా సూక్ష్మజీవుల వలన అమ్మోనియాగా మారును. తడినేలపై తడిసున్నము చల్లినచో ఆ అమ్మోనియా ఒక్కసారిగా వాయువై లేచును. నిలబడిన మనిషికి ఇది అంతగా తెలియదు. పడుకొన్న దూడ ముట్టె ఎత్తున కూర్చుండి వాసన చూడుడు. మీ కండ్లు మండినచో, దూడ రాత్రంతయు ఆ గాలినే పీల్చుచున్నదన్నమాట.

అట్లు లేచిపోవునది పైరునకు అందవలసిన నత్రజనియే. అందుచేత పెంటకుప్పలో సున్నము కలుపరాదు. మూత్రము నిలుచు చోట పొడిమట్టి పరచి, తడిసిన మట్టిని ఎత్తి కుప్పలో వేయుట మేలు. కుప్పపై సూపర్ ఫాస్ఫేటు చల్లినచో నత్రజని కొంత నిలుచును.

శుభ్రపరచు క్రమము

1. పశువులను, గుర్రములను బయట కట్టవలెను. గాడిలోని మేత, తొట్టిలోని నీరు తీసివేయవలెను.

2. పేడ, లద్దె, తడిసిన గడ్డి ఎత్తి, నేల కడిగి ఆరనీయవలెను. మురికి మీద సున్నము పనిచేయదు.

3. ఇనుప పీపాలో కిలో సున్నమునకు 4 లీటర్ల చొప్పున ముందు నీరు పోసి, గడ్డలను కొద్దికొద్దిగా అందులో వేయవలెను. గడ్డలపై నీరు కుమ్మరించరాదు. పొంగుటకు చోటుండునట్లు పీపా సగమునకు మించి నింపరాదు, మూత పెట్టరాదు. ప్లాస్టిక్, అల్యూమినియం పాత్రలు పనికిరావు.

4. మరునాడు వడగట్టి గోడలకు, నేలకు పూయవలెను. చాలకాలము గాలి తగిలిన సున్నము బొగ్గుపులుసు వాయువును పీల్చి తిరిగి సుద్దగా మారును. దానికి క్రిములను చంపు బలము ఉండదు.

5. పూర్తిగా ఆరి, నేల ఊడ్చి, గడ్డి పరచిన తరువాతనే పశువులను లోనికి తోలవలెను. తడి ఆరకున్న పాడిపశువు పొదుగు, గుర్రపు గిట్ట క్రింది మెత్తని భాగము చెడును.

పనివాని రక్షణ

కండ్లద్దాలు, చేతి తొడుగులు, బూట్లు ధరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, గాలి వీచు దిక్కునకు వీపు పెట్టి పనిచేయవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

కంటిలో సున్నము పడినచో నలుపరాదు. నూనె, నిమ్మరసము వేయరాదు. రెప్పలు విప్పి, మంచినీటి ధారతో కనీసము అరగంట కడిగి, వెంటనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. ఒంటిపై పడిన పొడిని ముందు దులిపి, పిదప విస్తారముగా నీటితో కడుగవలెను.

ఒక ముఖ్య హెచ్చరిక

దొమ్మరోగముతో పశువు చచ్చిన చోట సున్నము చల్లి నిశ్చింతగా నుండరాదు. ఆ రోగపు బీజములను సున్నము చంపజాలదు. కళేబరమును కోయక, తోలు ఒలువక, వెంటనే పశువైద్యునికి, గ్రామ పంచాయతీకి తెలియజేయవలెను. ఈ విషయమున గ్రామ ఉద్యోగులు రైతులకు తోడ్పడవలెను.